లెయోంటీన్ వంటింటి నిశ్శబ్దం

మా ఆయన ఎమెరిక్ వాలాద్ సినిమాలు తీశాడు, నవలలు రాశాడు, ఆ రెండూ ముందుకు సాగని ఏళ్ళలో రెండింటి గురించీ రేడియోలో మాట్లాడాడు. ఇంట్లో మాత్రం మాట్లాడేవాడు కాదు. రాసుకుంటున్నప్పుడు నేను పళ్ళెం కాస్త గట్టిగా పెట్టినా గదిలోంచి "గిలేన్" అని వినిపించేది. నా పేరును నోరు మూయించడానికి వాడుకోవచ్చని కనిపెట్టింది ఆయనే.

ముసలితనంలో, పారిస్ వదిలి క్లెర్మోన్‌కు వచ్చేశాక, వాళ్ళమ్మ గురించి పుస్తకం మొదలుపెట్టాడు. ఇదే ఆఖరిది అన్నాడు. అంతకుముందు పుస్తకానికీ ఆ మాటే అన్నాడు గానీ, ఈసారి చేతులు వణుకుతున్నాయి కాబట్టి నమ్మాను.

పుస్తకం బాగానే నడిచింది, అందులో మా అత్తగారు నోరు తెరిచేదాకా. అక్కడ ఆగిపోయింది. వారాల తరబడి కాగితాలు చించాడు. చివరికి ఒక ఆదివారం భోజనం దగ్గర ఫోర్కు కింద పెట్టేసి చెప్పాడు.

"అమ్మ గొంతు గుర్తు రావడం లేదు గిలేన్. ఏ మాట రాసినా క్లోతిల్డ్ గొంతులోనే వినిపిస్తోంది."

క్లోతిల్డ్ అంటే ఆయన మొదటి సినిమాలో తల్లి వేషం వేసిన నటి. సినిమా పేరు 'లెయోంటీన్ వంటిల్లు'. లెయోంటీన్ మా అత్తగారి పేరు, వంటిల్లు కూడా ఆవిడదే. వేషం కూడా ఆవిడదే కావాల్సింది. రెండు రోజులు తీశారు. ఆవిడ కెమెరా వైపే చూసి, దాన్ని తిప్పే అతనికి ఆకలేస్తోందేమో కనుక్కోమనేది. రాసిచ్చిన మాటలు పక్కన పెట్టి, అతని పెళ్ళి గురించి ఆరా తీసేది. మూడో రోజున పారిస్ నుంచి క్లోతిల్డ్ దిగింది. అత్తగారు తన ఏప్రన్ విప్పి ఆమెకిచ్చి, తనే ముడి వేసింది. ఆ మర్నాటి నుంచి సినిమా వాళ్ళందరికీ వండిపెట్టింది.

ఆ రెండు రోజుల రీళ్ళు పనికిరానివని పారేశారు. ఆవిడ పోయినప్పుడు ఈయన పోర్చుగల్‌లో ఇంకో సినిమా తీస్తున్నాడు, ఇంకొకరి తల్లి గురించి. ఫొటోలున్నాయి. గొంతు లేదు.

నాకు మాత్రం బాగా గుర్తుంది. ఆవిడ మాట్లాడినట్టు మాట్లాడి మా చెల్లెళ్ళను నవ్వించిన రోజులున్నాయి. "ఇదుగో అమ్మాయ్, ఆ ఉల్లిపాయల్ని తరుగుతున్నావా, ఓదారుస్తున్నావా?" అని ఆ భోజనం దగ్గరే అచ్చం ఆవిడలా అన్నాను. ఎమెరిక్ కళ్ళు మూసుకుని విన్నాడు. కళ్ళు తెరిచి, "అది నువ్వు" అన్నాడు.

మర్నాడు ఆయన నడకకు వెళ్ళినప్పుడు ఫిర్మేన్‌కు ఫోన్ చేశాను. ఆ సినిమాకు శబ్దం పట్టినవాడు అతనే. ఇప్పుడు లిమోజ్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఏదైనా మిగిలిందా అని అడిగితే, లేదన్నాడు. ఫోన్ పెట్టేయబోతూ, నిశ్శబ్దం టేపులు మాత్రం గరాజులో పడున్నాయేమో అన్నాడు.

సినిమా వాళ్ళకు ఒక అలవాటుంది. ఒక గదిలో పని ముగిశాక అందరూ ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడతారు, ఆ గది నిశ్శబ్దాన్ని కాసేపు టేపు మీదికి ఎక్కిస్తారు. తర్వాత మాటకూ మాటకూ మధ్య అతుకు తెలియకుండా దాన్ని అద్దుతారు. ఈయన మొదటి సినిమాలో ఆ నిశ్శబ్దాల గురించే పారిస్ పత్రికలు పేజీలు నింపాయి. పల్లె ఫ్రాన్సు మౌనం అని ఒకాయన రాస్తే, దాన్ని మా ఆయన చట్రం కట్టించుకున్నాడు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం ఫిర్మేన్ టేపులూ, వాటిని తిప్పే పాత యంత్రమూ మోసుకొచ్చాడు. ముందు జున్నూ వైనూ కావాలన్నాడు. ఎమెరిక్ కుర్చీ అంచున కూర్చుని, అతను తినడం అయ్యేదాకా పంటి కింద మాట నొక్కిపెట్టుకున్నాడు. ఆయన అంత ఓపిక పట్టడం పెళ్ళయ్యాక మొదటిసారి చూశాను.

రెండు టేపుల్లో ఏమీ లేదు. మూడోదాంట్లో ఫిర్మేన్ పడుచు గొంతు, "నిశ్శబ్దం, వంటిల్లు" అంది. గోడ గడియారం టిక్కుటిక్కుమంది. తర్వాత ఆవిడ.

"ఏమీ వినపడని దానికి టేపు దేనికిరా? మసూరుపప్పు అడుగంటుతోంది, ఎవరన్నా కాస్త చూడండమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మీదుగా ఇంకో గొంతు, చురుగ్గా, చదువుకున్న గొంతు.

"అమ్మా. కాసేపు నోరు మూసుకుంటావా?"

"సరే నాన్నా. మూసుకున్నాలే."

ఇక ఆవిడ మాట్లాడలేదు. టేపు చివరిదాకా మాట్లాడలేదు. గడియారం వినిపించింది, పొయ్యి మీద గిన్నె ఉడకడం వినిపించింది. గుమ్మం దగ్గరే కాబోలు, ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆవిడ ఒకసారి మెల్లగా ఊపిరి వదిలింది. సినిమాలో వాడింది ఈ ముక్కేనని, ఆఖరి సన్నివేశం కింద పరిచింది ఇదేనని ఫిర్మేన్ చెప్పాడు. చట్రంలో ఉన్న మౌనం ఇదే.

ఎమెరిక్ మళ్ళీ పెట్టించుకున్నాడు. మళ్ళీ. అమ్మ గొంతు విన్న ప్రతిసారీ ఆమె వెనకే తన గొంతు వచ్చేది. ఫిర్మేన్‌కు జాలేసింది.

"నీ మాట కోసేయనా? క్షణంలో పని. ఆవిడది మాత్రమే ఉంటుంది."

ఎమెరిక్ యంత్రం మీద చెయ్యి అడ్డుపెట్టాడు.

"వద్దు. అది తీసేస్తే, ఆవిడ ఎందుకు ఆగిపోయిందో తెలియదు."

పుస్తకం పూర్తి కాలేదు. అమ్మ మాట్లాడాల్సిన అధ్యాయంలో ఆ రెండు మాటలే రాశాడు, మసూరుపప్పుదీ, సరే నాన్నాదీ. మధ్యలో తనది కూడా రాశాడు, ఒక్క అక్షరం మార్చకుండా. ఆ పైన కలం కదల్లేదు.

ఆ శనివారం సాయంత్రం ఫిర్మేన్ వెళ్ళాక భోజనానికి పిలిచాను. అలవాటు కొద్దీ పళ్ళేలు మెత్తగా పెట్టాను. సూప్ వడ్డించి, నా కుర్చీలో నోరు మెదపకుండా కూర్చున్నాను.

"మాట్లాడు గిలేన్" అన్నాడు.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి."

ఏళ్ళ తరబడి దాచుకున్నవి చాలానే ఉన్నాయి. నేను మాత్రం బజారులో ఉల్లికాడల సంగతి చెప్పాను, ఈసారి కట్టలో సగం మట్టేనని, అమ్మేవాడికి కొత్తగా మీసం వచ్చిందని. ఆయన చెంచా పట్టుకుని, సూప్ చల్లారిపోతున్నా, మొత్తం విన్నాడు. తర్వాత ఏమైందని కూడా అడిగాడు.

తర్వాత ఏమీ కాలేదు. ఉల్లికాడలకు ఇంకేం అవుతుంది?