పై కొమ్ము బెత్తెడు పొడుగు

నేను ఒక విల్లును. తడ చెట్టు కర్రతో చేసిన విల్లును. నా బతుకంతా మనుషుల చేతుల్లో గడిచింది. ఆ చేతుల సంగతి చెబుతాను. వినడానికి బాగుండదు.

నన్ను చెక్కినవాడు బొజ్జిరెడ్డి. కొండకి అవతలి ఊరు. చుట్ట కాడ నములుతూ రాయి మీద ఉమ్మి, ఆ తడితోనే కత్తి నూరి నా మీద పెట్టేవాడు. ఇప్పటికీ తలుచుకుంటే కంపరం. అయినా పని తెలిసినవాడు. ఆయన కూతురు సోమాలమ్మ అరుగు చివర కూర్చుని చూసేది, దగ్గరికి వచ్చేది కాదు. ఆడది ముడితే విల్లుకి వేట పడదని ఆ ఊళ్లలో నమ్మకం. ముక్కు చీది ఆ చేత్తోనే మగాడు పట్టుకుంటే మాత్రం ఏ దోషమూ లేదు.

సోమాలమ్మని కన్నపరెడ్డికి ఇచ్చారు. అల్లుడి కోసమే నన్ను చెక్కడం. అతణ్ణి నిలబెట్టి, నేల నుంచి గడ్డం దాకా కొలిచి కర్ర కోశాడు ముసలాయన. ఒక తీగని నా పొడుగునా పరిచి, సగానికి మడిచి, సరిగ్గా నడిమిన గాటు పెట్టాడు. పిడికిలి పట్టే చోటు మాత్రం గాటు మీద కాకుండా, దాని కిందుగా చెక్కాడు.

“నడిమికి పెట్టలేదేం మావా?” అన్నాడు అల్లుడు.

“బాణం నీ పిడికిట్లోంచి పోద్దా, పిడికిలి మీంచి పోద్దా?”

అల్లుడు నవ్వాడు. అర్థం కానప్పుడు మనుషులు నవ్వుతారు.

సంగతి ఇంతే. బాణం పిడికిలి పైన ఆనుకుని పోతుంది. నడిమి చోటు దానికి కావాలి, చేతికి కాదు. చెయ్యి దాని కింద సర్దుకోవాలి. అందుకే పిడికిలికి పైనున్న కొమ్ము, కింద ఉన్న కొమ్ము కన్నా బెత్తెడు పొడుగు. చూపుకి వంకరగా ఉంటాను. నారి లాగితే రెండు కొమ్ములూ ఒక్కలా వంగుతాయి.

మొదట్లో బాగానే కొట్టాను. కుందేళ్లు, అడవికోళ్లు, ఒకసారి పంది. ఆ నెత్తురు నా మీదే ఎండేది. కన్నపరెడ్డి తుడిచేవాడు కాదు. నెత్తురు మరకలుంటే నలుగురూ చూస్తారని.

ఒక సంతరోజు జీలుగు కల్లు దగ్గర నలుగురూ చూడనే చూశారు. అతనికి వరసకి బావయ్యేవాడు ఒకడు నన్ను లాక్కుని తిప్పి చూశాడు.

“ఏం బావా, మీ మావ తాగి సెక్కేడేంటి? ఒక కొమ్ము పొడుగు, ఒకటి పొట్టి. కుంటిమేకని అంటగట్టేడు నీకు!”

“మేకనొక్కదాన్నేనా?” అన్నాడు ఇంకొకడు. కల్లు తుంపర్లు నా మీద పడేలా నవ్వారు అందరూ.

కన్నపరెడ్డి ఇంటికొచ్చి కత్తి తీశాడు.

“బావా, కొయ్యకు. అయ్య కావాలనే అట్టా పెట్టేడు” అంది సోమాలమ్మ.

“విల్లు సంగతి నీకేం తెలుసే? ఎల్లి గంజి కాయి.”

నా పై కొమ్ము బెత్తెడు కోసేశాడు. చివర కొత్త గాటు పెట్టి నారి బిగించాడు. మరుసటి సంతలో నన్ను చూసి అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు తీరుగా ఉంది అన్నారు. బాణం వేసి చూడమన్నవాడు ఒక్కడూ లేడు.

భూమి పండగ వచ్చింది. విత్తనాలు చల్లే ముందు మగాళ్లంతా అడవికి వెళ్లాలి. ఖాళీ చేతులతో వచ్చినవాడికి ఊరి మొగదల ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. కన్నపరెడ్డి నారి లాగిన ప్రతిసారీ కురచైన పై కొమ్ము మొరాయించేది, కింది కొమ్ము అతిగా వంగేది. వదిలితే నేను చేతిలో ఎగిరిపడేదాన్ని. బాణం తోక ఊపుకుంటూ పోయి పొదల్లో పడేది. ఒక ఉడత కూడా పడలేదు.

ఊళ్లోకి రాగానే ఆడవాళ్లు చుట్టుముట్టారు. సోమాలమ్మ కూడా కుండ ఎత్తి పోసింది. ఆచారం కదా, నవ్వుతూనే పోసింది. పేడ నా నారిలోకి దిగింది. దానికన్నా రోత ఆ తరవాత జరిగింది. కన్నపరెడ్డి మొహం తుడుచుకుని పెళ్లాం వైపు వేలు చూపించాడు.

“ఇదే ముట్టింది నా విల్లుని! అందుకే వేట పడలేదు.”

పెద్దలు కూర్చున్నారు. ముట్టిన మాట నిజమైతే ఆమెని పుట్టింటికి తోలెయ్యాలి. తోలేసిన దాన్ని మళ్లీ ఎవరూ చేసుకోరు.

“నేను ముట్టలేదు. కొమ్ము కోసింది ఆయనే” అంది సోమాలమ్మ.

“కొమ్ములు సమానంగానే ఉన్నాయి గదమ్మీ” అన్నాడు ఊరి పెద్దకాపు.

ఆమె నడిచొచ్చి, కన్నపరెడ్డి చేతిలోంచి నన్ను లాక్కుంది. అందరూ హాఁ అన్నారు. నారి ఊడదీసి నా పొడుగునా పరిచింది. సగానికి మడిచి నడిమిన మసిబొట్టు పెట్టింది. పిడికిలి పైన బాణం ఆనించి చూపించింది. బాణం ఒకచోట, బొట్టు దాని కింద ఇంకోచోట.

పెద్దకాపు వంగి చాలాసేపు చూశాడు. “నిజమేరా కన్నపా. సెడగొట్టింది నువ్వే” అన్నాడు. ఆమె బతికిందనుకున్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. “అప్పుడు ముట్టలేదు, సరే. ఇప్పుడు ముట్టింది గదా!”

అందరూ తలలూపారు. కోడిని కోసి నా మీద నెత్తురు చిలకరిస్తే దోషం పోతుందన్నారు. అప్పుడు ఆమె ఇంట్లోకి రావచ్చన్నారు. ఎవరి కోడి పెద్దదో కూడా అప్పుడే మాట్లాడుకున్నారు.

“కోడిని మీరే తినండి” అంది సోమాలమ్మ. నన్ను భుజాన వేసుకుని కొండెక్కింది. ఎవరూ అడ్డం రాలేదు. ఆమె చేతిలో ఉన్నాను కాబట్టి నన్ను ముట్టడానికి భయం.

బొజ్జిరెడ్డి నన్ను చూసి ఉమ్మేశాడు, ఈసారి నేల మీద. కింది కొమ్ము కూడా బెత్తెడు కోశాడు. దాంతో బాణం మళ్లీ నడిమికి వచ్చింది. లోపలి వైపు పల్చగా గీకి, కూతురి బలానికి వంగేలా చేశాడు. పందులు మేసే పోడు చేనికి నన్ను పట్టుకుని ఆమే కాపలా వెళ్లేది.

మరుసటి పండగ ముందు కన్నపరెడ్డి వచ్చాడు.

“విల్లియ్యి. నువ్వూ రా.”

సోమాలమ్మ తండ్రి వైపు తిరిగింది. “అయ్యా, ముందేది అడిగేడో యిన్నావా?”

ముసలాయన విన్నట్టు తలూపాడు. కన్నపరెడ్డి వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే చేలో పంది దిగింది. సోమాలమ్మ లాగి వదిలింది. బాణం తిన్నగా పోయి పంది వీపు మీదుగా దాటింది. పంది ఉరికింది. నేను ఎదురు చూశాను, తప్పు ఎవరి మీదికి పోతుందా అని. గాలి ఉంది, చీకటి పడుతోంది, నేనున్నాను.

“సెయ్యి నాదే ఒణికింది” అంది.

ఇంకో బాణం తీసింది.