గోనె లోపలి మొహం

నేను ఒక మృగాన్ని. సినిమా మృగాన్ని లెండి, కంగారు పడకండి. నా పళ్ళు ప్లాస్టిక్ పైపు ముక్కలు. నా కళ్ళు పాత స్కూటర్ ఇండికేటర్ల అద్దాలు. ఒళ్ళంతా గోనె, గోనె కింద స్పాంజి, స్పాంజి కింద రెక్సిన్. నన్ను చూసి మీలో కొందరు అరిచారు, ఎక్కువమంది నవ్వారు. అరిచినవాళ్ళు కూడా పక్కవాడు చూశాడేమోనని వెంటనే నవ్వేశారు. టికెట్ కొని మరీ భయపడటానికి వచ్చి, తీరా భయం వేశాక అది తమది కానట్టు మొహం తిప్పుకునే జాతి మీది. మీ మీద నాకు కోపం లేదని అనను. ఉంది. ఎందుకో చెబుతాను.

నన్ను పుట్టించినవాడు జిలానీ. జూట్ మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్న ఊళ్ళో, విజయనగరం వైపు, స్కూటర్లకీ ఆటోలకీ సీట్లు కుట్టే మనిషి. ఒకరోజు ధనుంజయ్ అనే కుర్ర డైరెక్టరు అతని కొట్టుకి ఒక బొమ్మ గీసిన కాగితం పట్టుకొచ్చాడు. జిలానీ దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"ఏటి బాబూ ఇది? ఎలుగ్గొడ్డా, మొసలా?"

"రెండూ కలిసిందన్నా. ఏట్లోంచి లేచొస్తాది. మనుషుల్ని తింటాది."

"అయితే కూకోడానికి కాదన్నమాట," అన్నాడు జిలానీ. అంతకన్నా ఏమీ అడక్కుండా కత్తెర తీశాడు.

సినిమా పేరు "గేటు తియ్యకండి". కథ పెద్దదేమీ కాదు. ఒక పెళ్ళి బృందం బస్సు చెడిపోతుంది. వాళ్ళంతా మూతపడ్డ జూట్ మిల్లులో తలదాచుకుంటారు. నేను బయటి నుంచి తలుపులు బాదుతూ ఉంటాను. లోపల పెళ్ళికూతురు, వంటవాడు, బ్యాండు మేళంవాళ్ళు గరిటెలతో, కంచు తాళాలతో నాతో యుద్ధం చేస్తారు. విశ్రాంతి దాకా జనం వణకాలి, తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వాలి. ఇది ధనుంజయ్ లెక్క. మంచివాడే. తిండి మానేసి మరీ ఆ సినిమా తీశాడు.

నాలోకి దూరడానికి మనిషి కావలసి వచ్చింది. ఆ ఎండల్లో గోనె తొడుక్కోవడానికి జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళెవరూ ఒప్పుకోలేదు. అప్పుడు ఎవరో గవర్రాజు పేరు చెప్పారు. దసరాకీ, అమ్మవారి జాతరలకీ పులివేషం కట్టే మనిషి. తాత నుంచి వచ్చిన విద్య. వయసు మళ్ళుతున్నా నడుం ఇంకా విల్లులా వంగేది. ఆ ఇంటి పులులకి ఒక కట్టుబాటు ఉంది. ఒంటి మీద రంగు పడ్డాక, ఆ రంగు కడుక్కునేదాకా నోట మనిషి మాట రాకూడదు. ఆకలేసినా, అరికాల్లో మేకు దిగినా పులిలాగే గుర్రుమనాలి. మాట జారితే లోపలి పులి వెళ్ళిపోతుందని వాళ్ళ నమ్మకం. నన్ను మొదటిసారి తొడుక్కునే ముందు గవర్రాజు నా మూతిని రెండు చేతులా ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. రంగుకి చేసే మర్యాదే నాకూ చేశాడు. నాకు అంతకుముందు ఎవరూ దణ్ణం పెట్టలేదు, ఆ తర్వాతా పెట్టలేదు.

ఆ కట్టుబాటు షూటింగు వాళ్ళకి భలే నచ్చింది. ఎంతసేపు నిలబెట్టినా నోరెత్తని నటుడు ఎవరికి చేదు? మంచినీళ్ళు కావాలంటే పంజా ఎత్తి నోటి దగ్గర పెట్టేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ గొట్టంతో పోసేవారు. అవీ ఎక్కువ తాగేవాడు కాదు. తాగితే మధ్యలో విప్పాలి, నన్ను విప్పడం పెద్ద పని. మొదట్లో నా వీపుకి జిప్ ఉండేది. లైట్లు పడితే అది తళుక్కుమని, మృగం స్కూలు సంచి తగిలించుకున్నట్టు కనిపించింది. దాంతో జిప్ తీసేసి, గవర్రాజు లోపలికి వెళ్ళాక దబ్బనం తీసుకుని పురికొసతో కుట్టేసేవారు. మెడ దగ్గర తలకాయ కూడా అలాగే కుట్టేవారు. బయటికి రావాలంటే ఎవరో ఒకరు బ్లేడుతో కోయాలి. లోపలివాడి చేతిలో ఏమీ ఉండదు.

ఇంత అవస్థ అతను ఎందుకు పడ్డాడో తెలియాలంటే అప్పయ్యమ్మ గురించి చెప్పాలి. అతని భార్య. మిల్లు నడిచిన రోజుల్లో అక్కడే నార ఏరే పని చేసింది. ఒక మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, నన్ను గోడకి ఆనించి ఉంచిన చోట అతని పక్కన కూర్చుంది. అప్పటికి ఇంకా కుట్టలేదు కాబట్టి అతను మాట్లాడుతున్నాడు.

"ఇందులో ఉన్నది నువ్వని ఎవలికి తెలుస్తాది మావా?" అంది నన్ను వేలితో పొడుస్తూ.

"సివర్న ఈ బుర్ర ఊడబెరుకుతారంట. లోపల నా మొగం కనపడతాదంట. తెర నిండా."

"ఎవులు సెప్పినారు?"

"డైరెక్టరు బాబు మాటిచ్చినాడు. పెళ్ళికూతురు గరిటితో కొడితే బుర్ర ఎగిరిపోద్ది. సూస్తే మనిషి. మిల్లు మూసేసినాక ఆకలికి పిచ్చెక్కిపోయిన వాచ్‌మేను. ఆ వాచ్‌మేను నానే."

అప్పయ్యమ్మ అన్నం కలిపే చెయ్యి ఆపింది. "దసరాకి పులివి. జాతరకి పులివి. మన పెళ్ళినాడు కూడా చెవుల ఎనక పసుపు రంగు పోనేదు. నీ మొగం ఊరోళ్ళు ఎప్పుడు సూసినారని?"

"అందుకే కదే," అన్నాడు గవర్రాజు. "ఒక్కసారి సూస్తే సాలు. ఈడే గవర్రాజంటే అని తెలుస్తాది."

అతనికి కావలసింది అదొక్కటే. ఆ ఒక్క షాటు కోసం ఎన్నిసార్లు కుట్టమన్నా వీపు చూపించాడు.

రాత్రి షూటింగంటే జనరేటరు అద్దె, రెట్టింపు బత్తాలు. అందుకని వాళ్ళు పగలే రాత్రి చేసేవారు. మిల్లు కిటికీలన్నిటికీ నల్ల టార్పాలిన్లు కప్పి, తడి నార కాల్చి పొగ పెట్టేవారు. పైన రేకుల కప్పు. మే నెల. నేను గోనెని కాబట్టి నాకేం తెలుస్తుందంటారు. కిటికీ షాటు తీసిన రోజు లోపలి రెక్సిన్ అతని ఒంటికి అతుక్కుపోవడం నాకు తెలుసు. చెమట ధారగా కారడం తెలుసు. మధ్యాహ్నం దాటాక ఆ చెమట ఆగిపోవడం కూడా తెలుసు.

ఆ షాటులో నేను కిటికీ ఊచలు వంచి సగం లోపలికి దూరాలి. బ్యాండువాళ్ళు నన్ను తాళాలతో, గరిటెలతో కొట్టాలి. నేను వెనక్కి పోవాలి. ధనుంజయ్ అందరికీ ఒకే మాట చెప్పాడు, నేను కట్ అనేదాకా ఎవరూ ఆపొద్దు అని. గవర్రాజు దూరాడు. నడుం దగ్గర స్పాంజి ఇరుక్కుంది. లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు. అతను గుర్రుమన్నాడు. అది పులి గుర్రు కాదు. నా గొంతులోంచే వచ్చింది కాబట్టి నాకు తేడా తెలిసింది. పంజా ఎత్తి నోటి దగ్గర పెట్టాడు. బ్యాండు మేళంలోని ఒక నటుడు, సమయస్ఫూర్తి ఉన్నవాడు, ఆ పంజాలో లడ్డూ పెట్టాడు. సెట్టు మీద అందరూ నోళ్ళు నొక్కుకుని నవ్వారు. కెమెరామన్ భుజాలు కదిలాయి. గవర్రాజు కాళ్ళు బయట తన్నుకుంటున్నాయి. ఒక్క మాట అంటే చాలు. "అయ్యా" అన్నా చాలు. అతను అనలేదు. గుర్రు చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, తలకాయ ఊచల మీద వాలింది. లడ్డూ జారి కింద పడింది.

"కట్," అన్నాడు ధనుంజయ్. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక కూడా నేను లేవకపోయేసరికి ఎవరో వచ్చి కుదిపారు. తర్వాత బ్లేడు కోసం వెతుకులాట. కోస్తూ ఉంటే పురికొస తెగదు. తలకాయ తీసేసరికి అతని మొహం ఎర్రగా, పొడిగా ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ దారిలోనే పోయాడు. వడదెబ్బ అన్నారు. నన్ను ఎండలో ఆరేశారు.

ధనుంజయ్ ఏడ్చాడు. నటన కాదు, నిజంగానే ఏడ్చాడు. పెద్దకర్మ అయ్యాక అప్పయ్యమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కేకలు వెయ్యలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అడిగింది ఒక్కటే.

"మొగం తీసినారా బాబూ?"

అతను తియ్యలేదు. ఆ షాటు చివరి రోజుకని ఉంచుకున్నాడు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు, ఆవిడ కళ్ళు చూశాడు.

"ఉందమ్మా," అన్నాడు. "సివర్లో ఉంటాది."

ఇదంతా నాకు ఎలా తెలుసంటే, ఆ తర్వాత నన్ను ఉంచిన గదిలోనే కూర్చుని అతను తన ఎడిటరుకి చెప్పుకుని మళ్ళీ ఏడ్చాడు. అబద్ధాన్ని నిజం చేద్దామని ప్రయత్నించాడు కూడా. ఫోటో ఉంటే ఎలాగో తెర మీద వేద్దామని గవర్రాజు ఫోటో కోసం ఊరంతా తిరిగాడు. దొరికినవన్నీ పులివే. నోరు తెరిచి, నాలుక చాపి, పసుపు నలుపు చారల్లో. రేషను కార్డు మీది ఫోటోలో కూడా నలుపు మరక తప్ప ఏమీ లేదు. ఇక చేసేది లేక ముగింపు మార్చాడు. నాలో గడ్డి కుక్కి, పెళ్ళికూతురి చేత గరిటెతో కొట్టించాడు. తలకాయ ఎగిరిపోతుంది. లోపల ఎవరూ ఉండరు. ఖాళీ. అయినా ఒళ్ళు మాత్రం రెండడుగులు నడిచి పడుతుంది. వంటవాడు తొంగి చూసి, "లోపల ఎవుడూ నేడర్రా, మరి ఇంతసేపూ కొట్టినదెవుణ్ణి?" అంటాడు. ఎడిటరు ఆ షాటుకి కుర్చీలోంచి జారేంత నవ్వాడు. ధనుంజయ్ నవ్వలేదు, కానీ ఉంచాడు. కిటికీ షాటు కూడా ఉంచాడు.

విడుదల నాడు నన్ను ఊరి సినిమా హాలుకి తెచ్చి, తెర పక్కనున్న అరుగు మీద నిలబెట్టారు. జనం వస్తారని. అందుకని నేను ఆ సినిమా చూడలేదు. మిమ్మల్ని చూశాను. తెర వెలుగు మొహాల మీద పడుతుంటే మీరెలా ఉంటారో మీకు తెలియదు. డైరెక్టరు లెక్క మొదటి రీలులోనే తప్పింది. భయపడమన్న చోట మీరు ఈలలు వేశారు. "ఒరే, దాని కాలికి హవాయి చెప్పురా" అని ఒకడు అరిస్తే హాలంతా గొల్లుమంది. నవ్వమన్న చోట, వంటవాడు చీకట్లో పులిహోర వెతికేటప్పుడు, ఎందుకో ఊపిరి బిగబట్టారు. ముందు వరసలో ఒకామె మొదటి నుంచీ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఆవిడ పక్కన ఒక పెద్దాయన నిజంగా భయపడి కాళ్ళు కుర్చీ మీదికి పెట్టుకుని, కూతురు చూసేసరికి దించేశాడు. చూస్తున్నకొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, మీరు చవకబారు మృగాన్ని చూసి నవ్వేది అది చవకబారుదని కాదు. కుట్లు కనపడుతున్నాయి కాబట్టి లోపల ఎవరికీ ఏమీ కాదని ధైర్యం.

కిటికీ షాటు వచ్చింది. అది నాకు శబ్దాన్ని బట్టి తెలిసింది. ఆ గుర్రు మొదలవగానే మీరు నవ్వడం మొదలుపెట్టారు. పంజా నోటి దగ్గరికి వచ్చేసరికి తొడలు చరుచుకున్నారు. లడ్డూకి కుర్చీలు కదిలిపోయాయి. కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు. అలాంటి నవ్వు ఆ సినిమా మొత్తానికి రాలేదు. ముందు వరసలో ఆవిడ మాత్రం నోట్లోంచి కొంగు తీసేసి లేచి నిలబడింది. అప్పయ్యమ్మ. ఆ గొంతు నాలాగే ఆవిడకీ తెలుసు. పులి గుర్రేదో, మొగుడి గుర్రేదో చెప్పగలిగినవాళ్ళం ఆ హాల్లో మేమిద్దరమే.

"అమ్మా, కూకో. ఎనకోళ్ళకి అవుపడ్డం నేదు," అన్నారెవరో.

ఆవిడ వెనక్కి తిరిగి అంతమంది నవ్వుతున్న మొహాలూ చూసింది. ఏదో అనబోయింది. మళ్ళీ తెర వైపు చూసింది. ఇంకా సివర రాలేదు కదా. కూర్చుంది.

అప్పటినుంచి ఆవిడ రెప్ప వెయ్యలేదు. చీర సర్దుకుంది. జుట్టు వెనక్కి దువ్వుకుంది. గరిటె ఖణేలుమన్న చప్పుడుకి ముందుకి వంగింది. తలకాయ ఎగిరింది, వంటవాడి మాటకి జనం పైకప్పు లేచిపోయేలా నవ్వారు. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. ఇదింకా కాదు, దీని తర్వాత అన్నట్టు చూస్తూనే ఉంది. ధనుంజయ్ తలుపు దగ్గర నిలబడి ఆవిణ్ణి చూస్తున్నాడు. ఆవిడ తన వైపు తిరిగేలోపు బయటికి వెళ్ళిపోయాడు.

పేర్లు పడ్డాయి. జనం ఈలలు వేసుకుంటూ లేచారు. కొందరు నా దగ్గరికొచ్చి, నా పంజా పట్టుకుని ఫోటోలు దిగారు. లైట్లు వెలిగాయి. తెర తెల్లగా అయింది. ఊడ్చే మనిషి చీపురుతో ముందు వరస దాకా వచ్చి ఆగాడు.

"అయిపోనాది, ఎల్లమ్మా. ఇంకో ఆటకి జనాన్ని ఒగ్గాలి."

"ఉండు బాబూ," అంది అప్పయ్యమ్మ, తెల్ల తెర మీంచి చూపు తిప్పకుండా. "మా ఆయన మొగం ఇంకా రానేదు."