ఆరో టార్చిలైటు

"ఏంటీ కంపు? అసలు కడిగావా, కడిగినట్టు నటించావా?"

బాత్రూంలోంచి బయటికొస్తూ, ఆమె ఉతికి తగిలించిన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ భర్త అన్న మాట ఇది. ఆమె అప్పుడు వంటింట్లో ఒక చేత్తో టీ వడకట్టి, ఇంకో చేత్తో ఆయన భోజనం డబ్బా మూత బిగిస్తోంది. రెండు చేతులకీ ఫినాయిలు వాసన. ఇంకాసేపట్లో తనూ పనికి పరిగెత్తాలి. "కడిగానండీ" అంది. "కడిగితే ఇలా ఉంటుందా?" అన్నాడాయన. నిజమే మరి, కడిగితే అలా ఉండకూడదు. ఆమెకూ అంతుపట్టని సంగతి అదే.

ఇంట్లో ఉండేది ఇద్దరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ వాసన మూడో మనిషిలా వాళ్ళతోనే కాపురం చేస్తోంది. ఆమె వాడని మందు లేదు. యాసిడ్ పోసింది, బ్లీచింగ్ పొడి చల్లింది, నిమ్మవాసన బిళ్ళలు వేలాడదీసింది. మోకాళ్ళ మీద కూర్చుని పాత పళ్ళబ్రష్షుతో పలకల సందులు తోమింది. రెండు రోజులు బాగానే ఉండేది, మూడో రోజుకి మళ్ళీ మామూలే. ఒకసారి మాత్రం ధైర్యం చేసి, "మీరు కాస్త కూర్చుని పోస్తే బావుంటుందేమోనండీ" అంది. ఆయన ఇంతెత్తున లేచాడు. "మగాడికి ఉచ్చ పొయ్యడం నేర్పుతావా? నా గురి నాకు తెలుసు!" గురి అట! యుద్ధంలో బాణాలేసిన మహావీరుడిలా చెప్పాడు. అప్పటినుంచీ ఆమె ఆ మాట ఎత్తలేదు. తన చేతిలోనే ఏదో లోపం ఉందని నమ్మడం మొదలుపెట్టింది. పదిసార్లు అంటే పంది నంది అవుతుంది కదా, ఈమె విషయంలో నందే పంది అయింది.

ఆయన వెనకాల అత్తగారి ముక్కొకటి. ఆవిడ పెద్దకొడుకు ఇంట్లో ఉంటుంది. వచ్చినప్పుడల్లా గడపలోనే ఆగి, తల కాస్త పైకెత్తి, ఒకసారి గాలి పీల్చి తీర్పు చెబుతుంది. "పాలు విరగబోతుంటే పక్కింట్లోంచే పసిగట్టేస్తానమ్మాయ్, నా ముక్కు అబద్ధం చెప్పదు. నా కొడుకు చిన్నప్పట్నుంచీ కడిగిన ముత్యం. నీ ఇంటికొస్తే నాకు సంత పక్క దొడ్డి గుర్తొస్తుంది." అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా! ఆ ఇంట్లో కొడుకు కొట్టిన కుండ అసలు పగలనే పగలదు.

ఆమె పనిచేసేది మందుల గిడ్డంగిలో. అడుగు అరల్లో వెలుతురుండదు, పెట్టెల మీద గడువు తేదీలు చీమల బారులా ఉంటాయి. అవి చదవడానికని చేరిన కొత్తలో ఒక చిన్న టార్చిలైటు చేతికిచ్చారు. దాంతోనే పట్టుకుంది పిచ్చి. ఒక టార్చి వెలుగు నీళ్ళలా పరుచుకుంటుంది, ఇంకోటి సూదిలా దూసుకుపోతుంది. పాతవి కొనేది, విప్పేది, తుప్పు గీకి తీగ అతికించి మళ్ళీ వెలిగించేది. చచ్చిపోయిందనుకున్నది చేతిలో వెలిగితే ఆ రోజంతా ఆమెకు నవ్వే. ఇలాంటి పిచ్చే ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో ఒక గుంపుగా ఉన్నారని తర్వాత తెలిసింది. అక్కడ ఎవరూ సొంత పేర్లతో ఉండరు. ఈమె పేరు మిణుగురు. పాత టార్చిలు ఇచ్చిపుచ్చుకోవడానికి రాసిచ్చిన అసలు పేర్లూ చిరునామాలూ మాత్రం గుంపు నడిపేవాళ్ళ దగ్గర ఉంటాయి. ప్రతి ఆదివారం అందరూ తలా ఒక "గోడ ఫోటో" పెట్టాలి. మనిషి కనబడకూడదు, ఇల్లు కనబడకూడదు, మన ఇంటి గోడ మీద మన టార్చి వెలుగు ఎలా పడిందో అంతే. మిణుగురు పెట్టిన ఫోటో కోసం కాచుకుని ఉండేవాళ్ళున్నారు అక్కడ. వంటయిందా అని ఒక్కరు అడిగితే ఒట్టు!

ఆ టార్చిలన్నీ కిందటి నెలలో ఆమె పనిలో ఉండగా పాతసామాన్ల వాడి బండెక్కాయి. ఎక్కించింది మొగుడుగారే. ఆమె వచ్చి ఖాళీ అర చూసి నిలబడిపోతే, "ముందు బాత్రూం కంపు సంగతి చూడు, తర్వాత ఇనపముక్కలు పోగేద్దువుగాని" అన్నాడు. వాటికి బదులుగా బండివాడిచ్చిన ఎర్ర ప్లాస్టిక్ మగ్గు తెచ్చి బకెట్టు పక్కన పెట్టి, "ఇదైనా పనికొస్తుంది" అన్నాడు. ఆమె కుక్కిన పేనులా ఊరుకుంది. రోజూ ఆ మగ్గుతోనే నీళ్ళు పోసి కడిగింది. ఆ ఆదివారం గుంపులో ఒక్క ముక్క రాసింది: "ఇక గోడ ఫోటోలు పెట్టలేను. నా టార్చిలన్నీ పాతసామాన్లలోకి పోయాయి, నేను లేనప్పుడు. ముందు బాత్రూం కంపు పోవాలట."

అంతటితో అయిపోతే ఆమె ఇంకో నెల ఏడ్చి ఊరుకునేదేమో. అయిపోలేదు. "ఇల్లు దిద్దుకోలేనిదానికి ఉద్యోగమెందుకు? మానెయ్. వచ్చే ఆదివారం అమ్మా అన్నయ్యా వస్తున్నారు, వాళ్ళముందే తేల్చేద్దాం" అన్నాడు. గిడ్డంగిలో ఆమె సరేనంటే మందు బయటికి వెళ్తుంది, కాదంటే ఆగిపోతుంది. ఆమె కాదంటే ఏదైనా ఆగే చోటు ఈ లోకంలో అదొక్కటే. అదీ పోతే ఇక ఆమెకు మిగిలేది ఆ ఎర్ర మగ్గు.

శనివారం సాయంత్రం పని నుంచి వచ్చేసరికి బల్లమీద ఒక పార్సిలు, అప్పటికే విప్పేసి ఉంది. పేరు ఆమెది, విప్పింది ఆయన.

"ఎవడు పంపాడిది?" అన్నాడు.

లోపల ఆరు టార్చిలైట్లు. ఒక్కోటీ మెత్తటి గుడ్డలో చుట్టి, పక్కన చిన్న చీటీ. పెద్ద పర్సంత ఒకటి, వేలంత ఒకటి, తలకు కట్టుకునేదొకటి. పంపుతున్నామని ఎవరూ ముందు చెప్పలేదు. ఎప్పుడూ ఎదురుపడని మనుషులు, ఒకరికొకరు కబురు చేసుకుని, తాము దాచుకున్నవాటిలోంచి ఆమె కోసం తలా ఒకటి తీసి, ఒకచోట చేర్చి పంపారు. "మిణుగురు వెలగకపోతే మాకు ఆదివారం రాదు" అని రాసి ఉంది ఒకదాని మీద. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది. ఈ ఇంట్లో ఆమెకు పుట్టినరోజని గుర్తుచేసినా "అయితే ఏంటి" అనేవాళ్ళే.

"ఎవడో కాదండీ, ఆరుగురు పంపారు" అంది.

ఆయన ఆరో చీటీ పైకి చదివాడు. రాసినావిడని గుంపులో పిల్లులత్త అంటారు. "మిణుగురూ! నాకు తొమ్మిది పిల్లులు, తొమ్మిదీ అబద్ధాలకోరులే. ఎక్కడ పోశాయో చెప్పవు. గది చీకటి చేసి ఈ ఊదారంగు వెలుగు వెయ్యి. ఎండిపోయిన ఉచ్చ పసుపుపచ్చగా మెరుస్తుంది. సబ్బు అయితే నీలంగా ఉంటుంది, మోసపోకు. నీ పనైపోయాక, అవసరమున్న ఇంకో ఇంటికి ఇచ్చెయ్."

"పిల్లి ఉచ్చ వెతికే లైటా!" ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "రేపు అన్నయ్యావాళ్ళముందు ఇదే చూపించు. నవ్వలేక చస్తారు."

"సరేనండీ" అంది ఆమె. అన్నది ఆయనే, గుర్తుపెట్టుకోండి.

ఆదివారం పొద్దున్న ఆయన క్షవరానికి వెళ్ళాక ఆమె బకెట్టు, బ్రష్షు తీసుకుని బాత్రూంలోకి వెళ్ళింది. కిటికీ లేని గది. తలుపేసి, లైటార్పి, ఆరో టార్చి నొక్కింది. మొదట నేల మీద వేసింది. తను తోమిన నేల, తను తోమిన సందులు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. తర్వాత చెయ్యి పైకెత్తింది. కమోడు పక్క గోడంతా మోకాలి ఎత్తు వరకూ పసుపుపచ్చ చుక్కలు, చారికలు. సీటు అడుగున చారికలు. తలుపు వెనక చుక్కలు. పక్కనే తగిలించిన తువ్వాలు కింది అంచు మీద కూడా చుక్కలు, ఆయన రోజూ మొహం తుడుచుకునే తువ్వాలు! కంటికి కనబడదు కాబట్టి ఆ గోడను కడగాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఆమె నేల కడుగుతూనే ఉంది, ఆయన గోడకు పోస్తూనే ఉన్నాడు, వాసన మాత్రం ఆమె పేరు మీద నడిచింది. ఎన్ని సారీలు చెప్పింది! ఎంతమంది ముందు తలొంచుకుంది! చుట్టాలొస్తే తలుపు దగ్గరే అగరొత్తి పట్టుకుని నిలబడిన రోజులు గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. వెంటనే గోడ కడిగెయ్యాలని చెయ్యి అలవాటుగా బ్రష్షు మీదికి పోయింది. ఆ చేతిని ఆమె వెనక్కి లాక్కుంది. నేల మాత్రం అద్దంలా కడిగింది. గోడను అలాగే ఉంచింది.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు: అత్తగారు, బావగారు, తోడికోడలు. అత్తగారు గడపలోనే ముక్కెత్తింది. "అదిగో, అదే వాసన." బావగారు గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, ఉద్యోగం పెద్ద విషయం కాదు. ఇల్లు ముఖ్యం. మీ అక్క చూడు, ఇల్లు అద్దంలా పెట్టుకుంటుంది." ఆ అక్క తల దించుకుని చీర కొంగు సర్దుకుంటోంది. ఆవిడ వేళ్ళు యాసిడుకి పొట్టు రేగి ఉన్నాయి.

"ముందు దీని బహుమతులు చూడన్నయ్యా" అన్నాడు భర్త, నవ్వు ఆపుకుంటూ. "ఏదీ, ఆ పిల్లి లైటు చూపించు."

"ఇక్కడ వెలుతురెక్కువండీ. బాత్రూంలోకి రండి, బాగా కనిపిస్తుంది" అంది ఆమె.

నలుగురూ నవ్వుతూనే దూరారు. ఆమె తలుపేసి, లైటార్పి, టార్చి నొక్కింది.

నవ్వు ఆగింది.

"ఇది నేను రోజూ కడిగే నేల అత్తయ్యగారూ, చూడండి. ఇది మీ అబ్బాయి గోడ."

"అ... అది సబ్బు చారలే!" అన్నాడు భర్త.

"సబ్బు నీలంగా ఉంటుందండీ. ఇదిగో, మీ తువ్వాలు పైభాగం, ఇది సబ్బు. ఇది కింది అంచు. పొద్దున మొహం తుడుచుకున్నారే, అక్కడ." ఆయన చెయ్యి దానంతటదే బుగ్గ మీదికి వెళ్ళింది. ఆమె తెల్లగుడ్డ తడిపి, గోడ మీద ఒత్తి రుద్ది, అత్తగారి ముక్కు దగ్గర పెట్టింది. "మీ ముక్కు అబద్ధం చెప్పదుగా. చెప్పండి, నా వాసనా ఇది?"

అత్తగారు పీల్చింది. దగ్గింది. "మీ నాన్నా ఇంతేరా" అంది చివరికి కొడుకుతో. "ఆయన పోయేదాకా నేనూ నేలే కడిగాను. గోడ అనుకోలేదు." ఆమెకు అత్తగారి మీద జాలి పుట్టబోయింది. పుట్టనివ్వలేదు. ఇన్నేళ్ళు పడ్డ మాటలు ఒక్క దగ్గుతో పోవు.

"మగాళ్ళన్నాక కాస్త అటూ ఇటూ పడుతుందిలేమ్మా" అన్నాడు బావగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. "మరి... ఉద్యోగం సంగతి..."

"రేపు పొద్దున్నే వెళ్తాను బావగారూ. ఎవరో ఒకరు మానాలంటే మీ తమ్ముడు మానడం మంచిది. కడగాల్సింది చాలా ఉంది."

ఎర్ర ప్లాస్టిక్ మగ్గు నిండా సబ్బునీళ్ళు ముంచి, బ్రష్షుతో సహా భర్త చేతిలో పెట్టింది. "ఇదైనా పనికొస్తుందన్నారుగా. కానివ్వండి. లైటు నేను పట్టుకుంటాను."

"అమ్మా, చూడవే!" అన్నాడాయన.

"కడగరా" అంది అత్తగారు.

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె మొదట ఒక గోడ ఫోటో తీసుకుంది, గుంపులో పెట్టింది. మనిషి కనబడకూడదని నియమం కాబట్టి ఆయన్ని కాస్త పక్కకి జరగమంది. కింద రాసింది: "మా ఇంట్లో పిల్లి లేదు." ఆయన ఒక మూల తోమి లేవబోతే, ఆమె వెలుగు ఇంకో మూలకి జరిపింది. "అక్కడ ఇంకా ఉందండీ." పసుపుపచ్చ చుక్క ఒక్కటి మిగిలినా లేవనివ్వలేదు. ఆయన మోకాళ్ళు నొప్పంటుంటే, ఆహా, ఎంత హాయిగా ఉందో!

పిల్లులత్త దగ్గర్నుంచి జవాబు వెంటనే వచ్చింది. "నా తొమ్మిదింటికీ నేర్పాను. నీది ఒక్కటేగా, నేర్చుకుంటుందిలే."

వెళ్ళేటప్పుడు తోడికోడలు చెప్పులేసుకోవడానికి కావాలనే వెనకబడింది. ఇన్నేళ్ళలో ఈమెతో రహస్యంగా మాట్లాడింది లేదు. "చెల్లీ," అంది మెల్లగా, "ఆ లైటు..."

ఆమె అడగనివ్వలేదు. ఆరో టార్చిని ఆవిడ సంచిలో వేసి జిప్పు లాగింది.

బయట లిఫ్టు తలుపు దగ్గర బావగారు భార్యకోసం విసుక్కుంటున్నాడు. "ఇంతసేపేంటి? ఆ సంచిలో ఏం పెట్టింది?"

"ఏం లేదండీ, చిన్న టార్చిలైటు" అంది ఆవిడ. "పదండి, ఇంటికెళ్దాం."