గీసుకున్న గడ్డం

మా హన్యా ఊరి మార్కెట్టు శిలువ ఆకారంలో ఉంటుంది. నా జున్ను కొట్టుకి ఎదురుగానే మనూసోస్ మాంసం కొట్టు. వాడి తమ్ముడు పాహోమిస్ మేత బీడు తగువులో నా మొగుణ్ణి కాల్చి చంపాడు. ఆ రోజు నుంచి నా కొడుకు సిఫిస్ గడ్డం గీసుకోలేదు. మా క్రీటు దీవిలో అంతే, పగ తీరాకే గడ్డం తీసి నలుగురిలోకి రావాలి. ఈ మగాళ్ళ పౌరుషాలకి నల్లబట్టలు కట్టేది మాత్రం మేము.

ఆ శనివారం పొద్దున్న సిఫిస్ నున్నటి చెంపలతో నా కొట్టు ముందు నిలబడ్డాడు.

"చంపేశావా?" అన్నాను.

"ఎవర్నీ చంపలేదమ్మా. విసుగొచ్చింది. నాన్న ఎలాగూ లేచి రాడు. ఎలెంగోకి గడ్డం గుచ్చుకుంటోందట, పెళ్ళి చేసుకోనంటోంది."

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ వెనకే భయం పట్టుకుంది.

"ఒరే సన్నాసీ, ఈ మొహంతో బజారుకొస్తావా? చూసినవాళ్ళేమనుకుంటారు? కండువా కప్పుకో."

"దాక్కోవడం దేనికి? మనూసోస్‌కి నేనే చెప్పి చెయ్యి కలుపుతా."

నేను బల్ల చుట్టూ తిరిగి వచ్చేలోపే వాడు అటు నడిచాడు. చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి. మనూసోస్ తలెత్తి ఆ చెంపలు చూశాడు. వాడి మొహం పాలిపోయింది.

"నా తమ్ముణ్ణి ఏం చేశావురా?"

"ఏం చెయ్యలేదన్నా, విను," అంటూ సిఫిస్ చెయ్యి చాపాడు.

మొదటి వేటు ఆ చేతి మీదే పడింది. రెండోది మెడ మీద. ఎముకలు కొట్టే కత్తి అది. నేను మనూసోస్ మణికట్టు కొరికాను, జుట్టు పట్టి లాగాను. వాడు "నా తమ్ముడు, నా తమ్ముడు" అని ఏడుస్తూనే నరికాడు. నలుగురు పట్టి లాగేసరికి నా కొడుకు నెత్తురు చేపల కొట్ల వైపు కాలవ కట్టింది. వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఊపిరి లేదు.

అప్పుడు పెద్ద గుమ్మంలోంచి పాహోమిస్ వచ్చాడు. అన్న కొట్టుకి తెచ్చిన గొర్రెపిల్లలు రెండు భుజాల మీద ఉన్నాయి. జనం పక్కకి తప్పుకున్నారు. వాణ్ణి చూసి మనూసోస్ తడి నేల మీద కూలబడ్డాడు.

"ఏంటిది? ఎవరు పోయారు?" అన్నాడు పాహోమిస్.

నేనే చెప్పాను.

"నీ చావు నా కొడుకు చచ్చాడురా."