అరికాలి చుక్క

నేను ఒక ఇత్తడి కాటుక భరిణెను. ఒక కంచరి నన్ను అరచేతిలో ఇమిడేలా పోతపోశాడు. నూకాలమ్మ సంతలో గీసి గీసి బేరమాడి కొని, సింహాలు అనే కొత్త కోడలి చేతిలో నన్ను పెట్టింది. నా కడుపులో ఉండేది ఆముదం దీపపు మసి, అంతే. దాన్నే కంటికి దిద్ది అందం అంటారు మనుషులు. చెంపన చుక్కగా పెట్టి, అందాన్ని కాస్త చెడగొట్టాం, ఇక చెడు కన్ను పడదని నిశ్చింతగా ఉంటారు. ఈ మాటలకు అర్థమేమిటో నాకెప్పుడూ బోధపడలేదు.

సింహాలుకు ఆడపిల్ల పుట్టింది. పైడి అని పేరు పెట్టుకున్నారు. ఎడమ చెంప నిండా నల్లటి పుట్టుమచ్చ. పురిటి స్నానం కాగానే సింహాలు నా మూత తీసింది. అత్త అడ్డుపడింది.

"దానికి సుక్కెందుకే? ఆ మొకానికి దిష్టెవులు పెడతారు?"

"నా దిష్టే తగుల్తాదత్తా. సూడకుండా ఉండనేను."

"సాల్లే! నలుగురూ నవ్విపోతారు."

నన్ను గూట్లోకి తోసేసింది. తన బిడ్డ కూడా దిష్టి తగిలేంత చక్కనిదేనని ఒక్కరు ఒప్పుకుంటే చాలు సింహాలుకు. ఎవరూ ఒప్పుకోలేదు. అత్త నీళ్లకు వెళ్లగానే రోజూ నన్ను తీసి, పిల్ల అరికాలికి చుక్క పెట్టేది. పెడుతున్నంతసేపూ దాని మొహంకేసే చూస్తూ నవ్వేది. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

వానాకాలంలో పైడికి జ్వరం తగిలింది. ఆస్పత్రికి ఎత్తుకెళ్లారు. ప్రాణం లేని పిల్లను తిరిగి తెచ్చారు.

ఆఖరి స్నానం నూకాలమ్మే చేయించింది. "ఓలమ్మో, బంగారునాంటి పిల్ల! ఏ పాపిష్టి కన్ను పడిపోనాదో!" అని గుండెలు బాదుకుంది. కాళ్లు కడుగుతుంటే అరికాలి చుక్క కంటపడింది. కోడలి వైపు చూసింది.

"దిష్టి కాదత్తా," అంది సింహాలు. "దిష్టి తగలాలంటే ఎవులో ఒకలు సూడాల గదా."

ముసలామె లేచింది. గూట్లోంచి నన్ను తీసింది. వేలితో మచ్చ లేని చెంపన చుక్క పెట్టి, ఆ మొహాన్ని చాలాసేపు చూసింది.

ఆ తర్వాత సింహాలు నా మూత తీయలేదు. ఏళ్లు గడిచి పాత ఇత్తడి కొట్టుకు చేరాను. మొన్న ఒకావిడ "ఎంత ముద్దుగా ఉందో!" అని నన్ను తీసుకుంది. మూత తెరిచి, వేలికి మసి అంటగానే "ఛీ" అని పడేసింది. నేను నొచ్చుకోలేదు. అందం అనే మాటకు అర్థం ఉందో లేదో నాకు తెలియదు. ఆ ఇంట్లో మాత్రం పైడి ఆ మాట వినడానికి లేనప్పుడే వినిపించింది.