దర్జీ కుట్టిన తొడుగు

పొద్దున తొమ్మిదింటికి దుకాణం తలుపు తీయగానే అక్క ఇస్త్రీపెట్టె వేడికి పెట్టేది, దర్జీ అయిన తమ్ముడు చక్రాల కుర్చీని కుట్టుమిషను దగ్గరికి జరుపుకునేవాడు. మిషనుకు మోటారు ఉంది, దాని మీటను మోచేతి దగ్గర బిగించుకున్నాడు. మెట్ల మీంచి పడినప్పటి నుంచి, అంటే పన్నెండేళ్లుగా, నడుము కింద అతనికి ఏమీ తెలియదు. తెలియవలసిన నొప్పంతా అక్క ఒంటికి తెలిసేది.

"ఒరేయ్, కుడిపక్కకి ఒరుగు. నా ఎడమ తుంటి మండుతోంది," అనేది ఇస్త్రీ ఆపకుండానే.

అతను సర్దుకునేవాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లకు అందులో వింతేమీ కనిపించేది కాదు. "మా ఇంట్లో నా తలనొప్పే ఎవరికీ పట్టదు," అని ఒకావిడ నిట్టూర్చింది, అంతే.

అక్కకు అరవై దాటాయి. "నేను పోతే వీడి నొప్పి ఎవరు పడతారమ్మా?" అని ఆసుపత్రి నర్సు దగ్గర వాపోయింది. నర్సు, చక్రాల కుర్చీలో వేసుకునే సెన్సర్ పరుపు ఇప్పించింది. ఒకేచోట బరువు ఎక్కువసేపు పడితే ఫోను మోగుతుంది, పుండు పడకముందే కదలొచ్చు. "మురికి కానివ్వకండి," అని చెప్పి పంపింది.

ఆ మాటే కొంప ముంచింది. కొత్త వస్తువు ఒంటి మీద గుడ్డ లేకుండా కనిపిస్తే దర్జీ ప్రాణం ఊరుకోదు. ఇతను కత్తెరకు తొడుగు కుట్టాడు, రేడియోకు కుట్టాడు, గొడుగు తొడుగు తడుస్తుందని దానికి ఇంకో తొడుగు కుట్టాడు. పరుపుకు నాలుగు పొరల దళసరి గుడ్డ వేశాడు. గుడ్డ వెడల్పు చాలక, ఎడమవైపు రెండు ముక్కలు కలిపి మడతబెట్టి జంట కుట్టు వేశాడు. ఎంత నున్నగా వచ్చిందోనని మురిశాడు కూడా.

అన్ని పొరల కింద పరుపుకు బరువు తెలియక, ఫోను మోగడం మానేసింది.

"తుంటి కింద తాడు ఒరుసుకుంటున్నట్టుందిరా," అంది అక్క.

అతను ఫోను చూపించాడు. "చూడక్కా, అంతా ఆకుపచ్చగా ఉంది. నీవి వయసు నొప్పులు."

"పరుపుకు నాకంటే ఎక్కువ తెలుసా?"

"చదువుకున్నవాళ్లు చేశారే."

అక్క నవ్వి ఊరుకుంది. ఇన్నాళ్లకు వాడు నిశ్చింతగా కుట్టుకుంటున్నాడు, ఎందుకు చెడగొట్టడం అనుకుంది. మూడు వారాలు నోరు విప్పకుండా, నిలబడే ఇస్త్రీ చేసింది.

ఇస్త్రీ బల్ల దగ్గర అక్క కూలేసరికి ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు ఆమె ఎడమ తుంటి మీద ఎముకదాకా దిగిన పుండు చూసి, "ఎన్నాళ్లుగా మంచాన ఉంది?" అన్నాడు.

"మంచాన ఎక్కడండీ, రోజంతా నిలబడే పని," అన్నాడు తమ్ముడు.

పుండు అంచున జంట కుట్టు అచ్చు నిలువునా పడి ఉంది. ఆ చేతి పని ఎవరిదో తమ్ముడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అతని ఒంటి మీద మాత్రం గీత కూడా లేదు.

నాలుగోరోజు అక్క పోయింది.

దుకాణం మళ్లీ తెరిచినరోజు ముందుగా తొడుగు కుట్లు విప్పాడు. ఉత్త పరుపు మీద కూర్చుని ఒక చొక్కా కాలరు తిప్పుతుండగా, ఎడమ తుంటిలో సన్నగా మంట మొదలైంది. పడేవాళ్లు లేక నొప్పి సొంతదారు దగ్గరికి తిరిగొచ్చింది. అతను కదలకుండా, చల్లారిన ఇస్త్రీపెట్టె వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

ఫోను మోగింది.

"తెలుసులే," అని రెండు చేతుల మీద పైకి లేచాడు.