గొట్టానికి అవతలి కొస

ఆ గాజు గొట్టం ఆరడుగుల పొడవు. అవతలి కొసన నీలమ్మ, ఇవతలి కొసన రామ్‌చందర్. లోపల పోసిన మందు అన్ని పక్కలా సమంగా పూతపడి ఆరేదాకా, ఇద్దరూ ఒకే వేగంతో అరగంటసేపు దాన్ని దొర్లించాలి. ఒకరి చెయ్యి తొందరపడినా పూత ఒక పక్కకు జారిపోతుంది. సోమవారం సోమవారం వచ్చే ఈ అరగంట కోసమే రామ్‌చందర్ మిగతా వారమంతా బతికేవాడు. నవ్వకండి, ఇంతకంటే తక్కువదాని కోసం బతికేవాళ్లు లేరా?

అది 1983. పత్తర్‌గట్టి వెనక ఒకప్పటి నవాబుల భవంతి, పాత దేవిడీని అద్దెకు తీసుకుని, విశ్వేశ్వర్ గారు పొగ మీద పరిశోధన చేస్తుండేవారు. గుర్రాల కొట్టంలో డీజిల్ ఇంజను, వాకిట్లో గదంత పెద్ద ప్లాస్టిక్ సంచి. పొగను ఆ సంచిలోకి పంపి, ఎండలో అదేమవుతుందో చూడాలి. అయితే డీజిల్ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లని ఘాటు వాయువులుంటాయి. ఎండ తగలగానే అవే పెత్తనం చేసి మిగతావాటి నడత మార్చేస్తాయి. అందుకని పొగ సంచిలోకి వెళ్లేముందే గొట్టంలోని పూత వాటిని పట్టేసుకోవాలి.

రామ్‌చందర్ అక్కడ ఫిట్టరు. ఉప్పుగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ముప్పై ఆరేళ్లు దాటినా పెళ్లి కాలేదు. నీలమ్మది జహనుమా. భర్త పోయి నాలుగేళ్లు. ఆమెది ఆర్నెల్లకోసారి పొడిగించే తాత్కాలిక కొలువు. "జర మెల్లగ" అనడం తప్ప ఆమె అతనితో పెద్దగా మాట్లాడింది లేదు. ఆ రెండు ముక్కల్నే అతను ఇల్లు చేరేదాకా నెమరేసుకునేవాడు. అడగాలనుకున్న మాట ప్రతి సోమవారం నోటిదాకా వచ్చేది, పూత ఆరేలోపు మళ్లీ లోపలికి పోయేది.

ఒకనాడు విశ్వేశ్వర్ గారు అతని భుజం తట్టారు. "రామ్‌చందర్, ఇద్దరు మనుషులకు ఇదే పనేందయ్యా? మోటారుతో తిప్పే యంత్రం ఒకటి చేసెయ్."

తన కొరివితో తన తలే గోక్కోవడమంటే ఇదే. కాదంటే కారణం చెప్పాలి. కాబట్టి చేశాడు. బిగించే ముందు మాత్రం ఇరుసును ఒక పక్క ఆకురాయితో కాస్త అరగదీశాడు. యంత్రం కుంటుతుంది, మళ్లీ తమ ఇద్దరినీ పిలుస్తారు, అంతే అతని ఆలోచన.

ఆ కుంటు కంటికి ఆననంత చిన్నది. అక్కడే కొంప మునిగింది. యంత్రాన్ని ఎవరూ అనుమానించలేదు. పూత జారిన చోటల్లా ఘాటు వాయువు తప్పించుకుని సంచిలోకి దూరింది. మూడు వారాల ప్రయోగాలు పాడయ్యాయి. మందు కలిపేది నీలమ్మ కనుక తప్పు ఆమె నెత్తిన పడింది. నెలాఖరుకు వేరే మనిషిని చూసుకుంటానన్నారు విశ్వేశ్వర్ గారు. ఆమె తలొంచుకుని సీసాలు కడుగుతూనే ఉంది.

రామ్‌చందర్ విశ్వేశ్వర్ గారి ఎదుటికి వెళ్లి నిలబడ్డాడు.

"మందు మంచిగనే ఉంది సార్. ఇరుసు నేనే అరగదీసిన" అన్నాడు, ఆమె ముందే.

ఎందుకని ఎంత గద్దించినా నోరు మెదపలేదు. సాయంత్రంలోగా కొత్త ఇరుసు వేస్తేనే ఉద్యోగం ఉంటుందన్నారు ఆయన. నీలమ్మను తీసేసే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇరుసు బిగిస్తుంటే నీలమ్మ వచ్చి నిలబడింది.

"ఎందుకు చేసినవ్ గిట్ల?"

"యంత్రం మంచిగ తిరిగితే నన్ను పిలువరు గద" అన్నాడు తలెత్తకుండా. "సోమారం నీ ఎదురుంగ నిలబడేటందుకు. గంతే."

పక్కన పడున్న అరిగిన ఇరుసును ఆమె చేతిలోకి తీసుకుంది.

"నన్నే తీసేస్తే గొట్టం ఎవలతోని తిప్పేటోడివి?" అంది. "నోరున్నది గద, అడుగకపోతివి. అడుగుతవేమోనని నేను గూడ సూసిన. నువ్వేమో నా కొలువు మీద ఆకురాయి పెట్టినవ్."

ఇరుసును అతని ముందు పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత యంత్రం ఒక్కనాడూ మొరాయించలేదు. సోమవారం పొద్దున అవతలి గదిలో మోటారు చప్పుడు వినబడితే రామ్‌చందర్ అరచేతులు ఊరికే కదిలేవి. అది చెడిపోవాలని ఉప్పుగూడ మహంకాళమ్మకు మొక్కుకునేవాడు. చెడిపోతే మాట పడేది మందు కలిపే నీలమ్మేనని కూడా అతనికి తెలుసు. అందుకే ప్రతి శనివారం సాయంత్రం, ఆమె ఇంటికి వెళ్లిపోయాక, తానే దానికి నూనె వేసేవాడు.